ఎండలో గడిచిన నడివయసు: ఒత్తిడి హార్మోన్లు, జీవక్రియ, మలిదశలో జ్ఞాపకశక్తి

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మృతికి అంకితమైన ఉపన్యాసం

సౌదీ అరేబియా రాజధాని రియాద్‌కు ఆగ్నేయ దిశలో సుమారు 80 కిలోమీటర్ల దూరాన ఉన్న అల్ ఖర్జ్, ఎడారి నడుమ నీళ్లున్న నేలగా తరతరాలుగా పేరుపొందిన ప్రాంతం. సున్నపురాతి పొరలు కుంగి ఏర్పడిన లోతైన గుండాలలోని నీటిని ఆధారం చేసుకుని 1940లలో, రాజు అబ్దుల్ అజీజ్ ఏలుబడిలో, అక్కడ ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం వృద్ధి చెందింది. చమురు సంస్థ అరామ్‌కో నిపుణులు దాని నిర్వహణలో పాలుపంచుకున్నారు. 1970ల చివరి నుంచి పశుగ్రాసం, గోధుమ, పాడి పెద్దయెత్తున పెరిగి, అక్కడి అల్ సాఫీ పాడిక్షేత్రం ప్రపంచంలోకెల్లా పెద్ద సమగ్ర పాడిక్షేత్రంగా గిన్నిస్ పుస్తకంలో చోటు సంపాదించుకుంది. 2009లో విశ్వవిద్యాలయం వచ్చింది. ఇప్పుడు ప్రిన్స్ సత్తాం బిన్ అబ్దుల్ అజీజ్ పేరుతో నడుస్తున్న ఆ విద్యాసంస్థలో వైద్య, ఔషధ శాస్త్ర కళాశాలలు కూడా ఉన్నాయి. పొలాల్లో, పశువుల కొట్టాల్లో, నిర్మాణ పనుల్లో, డ్రైవర్లుగా, గొర్రెల కాపరులుగా సౌదీలో బతుకుతెరువు వెతుక్కున్న లక్షలాది భారతీయులలో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల వారు, కడప, రాయచోటి వారు, గోదావరి జిల్లాల వారు మొదటినుంచీ ఉన్నారు.

అల్ ఖర్జ్ కొట్టాలలో పెరిగే హోల్‌స్టైన్ ఆవు చలిదేశపు జాతి. వేసవి పగటివేళ 45 డిగ్రీలు దాటే చోట అది బతికి పాలివ్వాలంటే ఎత్తయిన నీడ పందిళ్లు, పెద్ద పంకాలు, సన్నని నీటి తుంపరలు చల్లే గొట్టాలు తప్పనిసరి. గాలిలోని వేడిని, తేమను కలిపి లెక్కగట్టే ఉష్ణ-ఆర్ద్రతా సూచిక అనే కొలమానం పాడి పరిశ్రమలో నిత్యం వాడుకలో ఉంది. ఆ సూచిక సుమారు 70 దాటగానే ఎక్కువ పాలిచ్చే ఆవు మేత తగ్గిస్తుందని, దాని రక్తంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరుగుతుందని, కొద్ది రోజుల్లోనే పాలు పడిపోతాయని పశువైద్యులకు బాగా తెలుసు. పశువు శరీరంలో వేడి చేసే నష్టం అదే వారం పాల లెక్కల్లో కనబడుతుంది కాబట్టి దాన్ని కొలిచే విద్య అంతగా పెరిగింది. అదే కొట్టంలో పనిచేసే మనిషి శరీరంలోనూ అదే హార్మోన్ దాదాపు అదే తీరున పనిచేస్తుంది; అయితే దాని మూల్యం ఆ వారం కాక, ఇరవై పాతికేళ్ల తరువాత, మరో దేశంలో, ఏ జగిత్యాల పల్లెలోనో ఇంటి అరుగు మీద, మనవడి పేరు గుర్తురాని తాత రూపంలో బయటపడే అవకాశం ఉంది. ఈ రెండు నష్టాల నడుమ ఉన్న కాలపు దూరమే ఈ ఉపన్యాసానికి విషయం: మెదడు ముసలితనం ముసలితనంలో మొదలుకాదు, నడివయసు ఎక్కడ ఎలా గడిచిందన్నదే దానికి చాలావరకు పునాది.

ఒత్తిడి హార్మోన్ల వ్యవస్థకు మూడు మెట్లున్నాయి. మెదడు అడుగుభాగంలోని హైపోథాలమస్ అనే చిన్న ప్రాంతం ప్రమాదాన్ని పసిగట్టి ఒక సంకేత రసాయనాన్ని వదిలితే, దాని కిందనే ఉన్న పీయూష గ్రంథి రెండో సంకేతాన్ని రక్తంలోకి పంపుతుంది. మూత్రపిండాలపై టోపీల్లా ఉండే అధివృక్క గ్రంథుల పైపొర ఆ సంకేతాన్ని అందుకుని కార్టిసాల్‌ను తయారుచేస్తుంది. ఆరోగ్యవంతుడి శరీరంలో కార్టిసాల్ నిద్ర లేచిన అరగంట నుంచి ముప్పావుగంట లోపల శిఖరాన్ని అందుకుని, పగలంతా క్రమంగా దిగుతూ, అర్ధరాత్రి ప్రాంతంలో అట్టడుగుకు చేరుతుంది. ఈ ఎత్తుపల్లాలే ఆరోగ్యానికి గుర్తు. కార్టిసాల్ విషం కాదన్న మాట ఇక్కడే స్పష్టం చేయాలి: అది లేకపోతే రక్తపోటు నిలవదు, ఉపవాసంలో రక్తంలోని చక్కెర నిలవదు, జబ్బు చేసినప్పుడు ప్రాణమే నిలవదు. ఎడ్వర్డ్ కెండాల్, టాడ్యూస్ రైక్‌స్టైన్, ఫిలిప్ హెంచ్‌లకు 1950లో నోబెల్ బహుమతి వచ్చింది ఈ అధివృక్క హార్మోన్ల పరిశోధనకే.

హాన్స్ సెల్యే 1936లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన చిన్న వ్యాసం, చలి, గాయం, విషం వంటి వేర్వేరు దెబ్బలకు శరీరం ఒకే తీరుగా స్పందిస్తుందని చెప్పి ఒత్తిడి శాస్త్రానికి నాంది పలికింది. కానీ ఆ స్పందనకు మెదడుతో ఉన్న సంబంధం తేలడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. 1968లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ మెక్‌ఎవెన్, ఎలుకలకు ఇచ్చిన ఒత్తిడి హార్మోన్ వాటి మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగంలో ప్రత్యేకంగా పోగవుతున్నదని చూపాడు. కణతల లోపలి వైపు వంకీలా ఒదిగి ఉండే హిప్పోక్యాంపస్, ఈ ఉదయం జరిగినదాన్ని రేపటికి గుర్తుంచే భాగం. దారులు, ముఖాలు, మాటలు కొత్తగా నమోదయ్యేది దాని ద్వారానే. కార్టిసాల్ ఇక చాలునని హైపోథాలమస్‌కు తెలిపే అదుపు బాధ్యతలో కూడా దానికి వాటా ఉంది. దీర్ఘకాలం అధిక కార్టిసాల్ తగిలితే హిప్పోక్యాంపస్ దెబ్బతింటుంది, అది దెబ్బతిన్నకొద్దీ అదుపు సడలి కార్టిసాల్ ఇంకా పెరుగుతుంది అన్న వలయాకార సిద్ధాంతాన్ని 1986లో రాబర్ట్ సపోల్‌స్కీ, లూయిస్ క్రే, మెక్‌ఎవెన్ కలిసి ప్రతిపాదించారు. 1993లో మెక్‌ఎవెన్, ఇలియట్ స్టెల్లర్ మరో అడుగు ముందుకు వేసి, సర్దుకుపోవడానికి శరీరం పదేపదే చేసే ప్రయత్నమే శరీరంపై పేరుకునే అరుగుదలకు కారణమవుతుందని చెప్పి, దానికి ‘అలోస్టాటిక్ లోడ్’ అని, అంటే సర్దుబాటు భారం అని, పేరు పెట్టారు. రక్తపోటు, నడుము చుట్టుకొలత, చక్కెర, కొలెస్ట్రాల్, ఒత్తిడి హార్మోన్లు అన్నీ కలిపి చూస్తే తప్ప ఆ భారం కనబడదు.

ఎలుకలలో తేలినది మనుషులకు ఎంతవరకు వర్తిస్తుందన్న ప్రశ్నకు సమాధానం నేటికీ సంపూర్ణం కాలేదు. అధివృక్క గ్రంథులు అతిగా పనిచేసే కుషింగ్ వ్యాధి ఒక సహజ ప్రయోగంలా ఉపకరించింది: మోనికా స్టార్క్‌మన్ బృందం 1992లో ఆ రోగులలో కార్టిసాల్ ఎంత ఎక్కువగా ఉంటే హిప్పోక్యాంపస్ అంత చిన్నదిగా ఉన్నదని, 1999లో చికిత్స తరువాత అది కొంత తిరిగి పెరిగిందని చూపింది. తిరిగి పెరగడం అన్నదే ఈ మొత్తం కథలో ఆశ పుట్టించే అంశం. 1998లో మాంట్రియల్‌కు చెందిన సోనియా లుపియెన్, ఏళ్ల తరబడి కార్టిసాల్ పెరుగుతూ వచ్చిన ఆరోగ్యవంతులైన వృద్ధులలో హిప్పోక్యాంపస్ మిగతావారి కంటే 14 శాతం చిన్నదిగా ఉన్నట్టు కనుగొన్నది. 2018లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం రెండు వేల మందికి పైగా నడివయసు వారిని పరీక్షించి, కార్టిసాల్ ఎక్కువగా ఉన్నవారిలో మెదడు పరిమాణం, జ్ఞాపకశక్తి రెండూ తక్కువగా ఉన్నాయని తేల్చింది. వారి సగటు వయసు 50 కూడా నిండలేదు. దీనికి ఎదురుగా 2002 నాటి మార్క్ గిల్బర్ట్‌సన్ అధ్యయనాన్ని కూడా నిజాయితీగా పెట్టుకోవాలి: వియత్నాం యుద్ధంలో తీవ్ర మానసిక గాయానికి గురైన సైనికుల హిప్పోక్యాంపస్ చిన్నదిగా ఉంటే, యుద్ధానికే వెళ్లని వారి కవల సోదరులలోనూ అది చిన్నదిగానే ఉంది. కాబట్టి కొందరిలో ఒత్తిడి వల్ల మెదడు కుంచించుకుపోతుంది, మరికొందరిలో పుట్టుకతోనే తక్కువ నిల్వ ఉన్న మెదడు ఒత్తిడికి ముందుగా లొంగుతుంది. ఈ రెండింటిలో ఏది నిజమైనా బరువు మోసేవాడికి బరువు తగ్గించాలన్న వైద్య నిర్ణయం మారదు.

జీవక్రియ ఈ కథలోకి ప్రవేశించేది కాలేయం, పొట్టకొవ్వుల ద్వారా. కార్టిసాల్ పని అపాయవేళ ఇంధనం సమకూర్చడం. అందుకోసం అది కాలేయం చేత కొత్తగా గ్లూకోజ్ తయారుచేయిస్తుంది, కండరాలలోని మాంసకృత్తులను కరిగిస్తుంది, కణాలు ఇన్సులిన్ మాట వినకుండా చేస్తుంది. పారిపోవాల్సిన పులి ఎదురుగా ఉంటే ఆ గ్లూకోజ్ పరుగులో ఖర్చవుతుంది. తీరని అప్పు, రాని జీతం ఎదురుగా ఉన్నప్పుడు అది రక్తంలోనే ఉండి, చివరకు పేగుల చుట్టూ కొవ్వుగా చేరుతుంది. ఆ కొవ్వులో మరో చిక్కుంది: నిద్రాణంగా ఉన్న కార్టిసోన్‌ను చురుకైన కార్టిసాల్‌గా మార్చే ఎంజైమ్ అందులో ఉన్నందున, పొట్ట పెరిగినకొద్దీ రక్తపరీక్షలో కనబడని కార్టిసాల్ కణాల లోపలే తయారవుతుంది. ఎడిన్‌బరోలో జొనాథన్ సెక్ల్, బ్రయన్ వాకర్ల బృందం 2004లో ఆ ఎంజైమ్‌ను అడ్డుకునే మందు ఇచ్చి కొద్దిమంది వృద్ధులలో, మధుమేహులలో మాట, జ్ఞాపకం కొంత మెరుగైనట్టు చూపింది. తరువాత అల్‌జైమర్స్ రోగులపై అదే దారిలో జరిగిన పెద్ద పరీక్ష ఆశించిన ఫలితం ఇవ్వలేదు. జబ్బు ముదిరాక తాళం వేయడం కష్టమని ఈ రంగం మళ్లీ మళ్లీ చెబుతూనే ఉంది.

మెదడు బరువు శరీరంలో దాదాపు 2 శాతమైతే అది వాడుకునే శక్తి దాదాపు 20 శాతం. ఆ శక్తి కణంలో ఏ రూపంలో నిల్వ ఉండి ఏ రూపంలో ఖర్చవుతుందో లోకానికి తెలిపినవారిలో భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో భాస్వరాన్ని కచ్చితంగా కొలిచే రంగు పద్ధతిని రూపొందించి, ఆ పద్ధతి ఆధారంగానే ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఆపైన ఏటీపీ అనే శక్తి అణువును వేరుచేసిన ఆయన, చదువుకునే రోజుల్లో పొట్టకూటికోసం బోస్టన్ ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేసిన వలసజీవి అన్న సంగతి ఈ సందర్భంలో మరువరానిది. ఆయన 53 ఏళ్లకే, 1948లో, గుండె ఆగి మరణించాడు. స్ప్రూ అనే పేగుల వ్యాధి తన సోదరులిద్దరినీ బలిగొన్న తరువాత, లెడర్లే ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన తయారైన ఫోలిక్ ఆమ్లం ఆ వ్యాధికి మందైంది. ఫోలిక్ ఆమ్లం, దాని జంటగా పనిచేసే బి12 విటమిన్ లోపిస్తే హోమోసిస్టీన్ అనే పదార్థం రక్తంలో పెరిగి రక్తనాళాలకు, మెదడుకు హాని చేస్తుంది. మధుమేహానికి విస్తారంగా వాడే మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి మింగితే బి12 తగ్గుతుంది. మాంసాహారం అరుదుగా తినే తెలుగు మధుమేహి మతిమరుపుతో వస్తే ముందుగా కొలవవలసినది అదే. కారణాలు అనేకమైన ఈ రుగ్మతలో సూదిమందుతో సరిచేయగలిగినది ఇది.

మధుమేహానికీ డిమెన్షియాకూ, అంటే రోజువారీ బతుకు సాగనివ్వనంతగా జ్ఞాపకం, వివేచన క్షీణించే స్థితికీ, ఉన్న సంబంధాన్ని 1999లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డ్యామ్ అధ్యయనం గట్టిగా చూపింది: మధుమేహం ఉన్నవారిలో డిమెన్షియా ముప్పు దాదాపు రెట్టింపు. భారతీయులలో ఈ ముప్పు సన్నని మనిషికీ తప్పదు. పైకి బక్కగా కనబడే భారతీయుడి శరీరంలో కొవ్వు పాలు ఎక్కువని పుణే వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన జాన్ యూడ్కిన్ 2004లో ‘లాన్సెట్’లో తమ ఇద్దరి ఫొటో పక్కపక్కన ప్రచురించి చూపారు: ఇద్దరి ఎత్తూ బరువూ లెక్కగట్టిన సూచిక ఒకటే, కొవ్వు మాత్రం యాజ్ఞిక్‌లో రెట్టింపుకు పైమాటే. ఈ శరీరంతో అల్ ఖర్జ్‌కు వెళ్లిన కూలీ, పెద్దవారిలో ఆరుగురిలో ఒకరికి మించి మధుమేహులున్న దేశంలో, ఖుబ్జ్ రొట్టె, తెల్లన్నం, చవకగా దొరికే చల్లని తీపి పానీయాల మధ్య పది పదిహేనేళ్లు గడుపుతాడు.

నిద్ర విషయం మరింత లోతుగా చూడదగినది. పెద్ద పాడిక్షేత్రంలో పాలు పితికే పని రాత్రింబవళ్లు వంతులవారీగా సాగుతుంది. ఒకే గదిలో పగటి వంతు వాడు, రాత్రి వంతు వాడు పడుకునే క్యాంపులో ఒకడి నిద్రకు ఇంకొకడి అలారం అడ్డు. చికాగోలో కారిన్ స్పీగెల్, ఈవ్ వాన్ కాటర్ల బృందం 1999లో 11 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఆరు రాత్రులపాటు నాలుగేసి గంటలు మాత్రమే పడుకోనిచ్చి చూస్తే, గ్లూకోజ్‌ను తట్టుకునే శక్తి పడిపోయింది, సాయంత్రం దిగవలసిన కార్టిసాల్ దిగలేదు. జెద్దాలోని కింగ్ అబ్దుల్ అజీజ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనం సౌదీ జీవితానికి ఇంకా దగ్గరిది: రంజాన్ మాసంలో రాత్రి మేల్కొని పగలు ఆలస్యంగా లేచే అలవాటు వల్ల ఉదయపు కార్టిసాల్ తగ్గి, సాయంత్రపు కార్టిసాల్ పెరిగి, రోజు లయ చెరిగిపోయినట్టు అందులో తేలింది. లోపం ఉపవాసంలో కంటే తలకిందులైన నిద్రలో ఉన్నదని వారి విశ్లేషణ. నెల పాటు అలా గడిపినవారు పండుగ తరువాత సర్దుకుంటారు; ఏళ్ల పాటు రాత్రి వంతు చేసేవాడికి పండుగ లేదు. లయ చెరగడమంటే కార్టిసాల్ ఎప్పుడూ ఎక్కువగా ఉండటమని కాదు. దీర్ఘకాలపు అలసటలో ఉదయపు శిఖరం కుంగి, రోజంతా ఒకే మట్టంలో చదునుగా సాగే తీరే ఎక్కువగా కనబడుతుంది. పొద్దున ఒక్కసారి రక్తం తీసి కార్టిసాల్ మామూలుగా ఉందని చెప్పే పరీక్ష అందుకే ఈ విషయంలో అక్కరకు రాదు.

ఎండ సంగతి. సముద్రతీరపు దమ్మామ్‌లో చెమట ఒంటికి అంటుకుని బాధిస్తుంది. అల్ ఖర్జ్ పొడిగాలిలో అది పుట్టిన క్షణంలోనే ఆవిరై, పోయిన నీటి జాడ తెలియనివ్వదు. సాయంత్రానికి ముదురురంగు చొక్కా వీపు మీద తెల్లని ఉప్పుచారలు మాత్రం మిగులుతాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మెదడు విడుదల చేసే వాసోప్రెసిన్ అనే హార్మోన్ మూత్రపిండాలు నీటిని దాచుకునేలా చేయడంతో ఆగదు; పీయూష గ్రంథి మీద పనిచేసి, కార్టిసాల్‌ను పురికొల్పే సంకేతాన్ని బలపరుస్తుంది కూడా. దాహం ఆ విధంగా నేరుగా ఒత్తిడి హార్మోన్ల దారిలో కలుస్తుంది. మరుగుదొడ్డి దూరమని, మేస్త్రీ కోపగిస్తాడని నీళ్లు తక్కువ తాగే అలవాటు చిన్న విషయంగా కనిపించినా, ఏళ్ల తరబడి అది మూత్రపిండాలకు, వాటి ద్వారా రక్తపోటుకు, రక్తపోటు ద్వారా మెదడులోని సన్నని రక్తనాళాలకు ముప్పు తెస్తుంది. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా ఎండలో పని నిషిద్ధం. ఇది మేలైన నిబంధనే అయినా, గడియారాన్ని చూస్తుంది తప్ప ఉష్ణమాపకాన్ని చూడదు. ఉదయం పది గంటలకే మండే రోజులు, మే నెల చివరి వారాలు దాని పరిధిలోకి రావు. పొరుగున ఉన్న ఖతర్ 2021లో వేడి, తేమ, గాలి, ఎండ నాలుగింటినీ కలిపి కొలిచే సూచిక 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళనైనా పని ఆపాలని నిబంధన పెట్టింది. ఆవు కోసం అలాంటి సూచికను ఏళ్లుగా వాడుతున్న అల్ ఖర్జ్‌కు మనిషి కోసం దాన్ని వాడటం సాంకేతికంగా ఏమాత్రం కష్టం కాదు.

మానసిక ఒత్తిళ్లన్నీ కార్టిసాల్‌ను ఒకేలా లేపవని శాలీ డికర్సన్, మార్గరెట్ కెమెనీ 2004లో 208 ప్రయోగశాల అధ్యయనాలను క్రోడీకరించి నిర్ధారించారు: తన చేతిలో లేని పరిస్థితి, నలుగురిలో తక్కువవుతానన్న భయం, ఈ రెండూ కలిసినచోట హార్మోన్ స్పందన అన్నిటికంటే పెద్దది, కుదుటపడటానికి పట్టే కాలమూ ఎక్కువే. గల్ఫ్ బతుకు తెలిసినవారికి దీని అర్థం వివరించనక్కరలేదు. ఏజెంటుకు కట్టిన డబ్బుకు ఊళ్లో నూటికి రెండు మూడు రూపాయల వడ్డీ నడుస్తుంటుంది. ఇకామా అనే నివాసపత్రం గడువు యజమాని, అంటే కఫీల్, చేతిలో ఉంటుంది. ఏ యజమాని దగ్గరా స్థిరమైన పని లేని ఆజాద్ వీసా పేరుతో వచ్చినవాడికి ఏ రోజు పని దొరుకుతుందో తెలియదు. ఇంటికి ఫోన్ చేస్తే చెల్లెలి పెళ్లి, ఇంటి స్లాబు, కొడుకు ఫీజు. 2021 మార్చిలో అమలుకు వచ్చిన సౌదీ కార్మిక సంస్కరణ యజమాని మారడాన్ని, దేశం విడిచి వెళ్లడాన్ని కొంత సులభం చేసింది గానీ, ఇళ్ల డ్రైవర్లు, కాపలాదారులు, ఇంటి పనివారు, గొర్రెల కాపరులు, తోటమాలులు, వ్యక్తుల కింద పనిచేసే రైతుకూలీలు దాని వెలుపలే ఉండిపోయారు. పొలాలు, మందలు ఎక్కువగా ఉన్న అల్ ఖర్జ్ వంటి చోట ఆ మినహాయింపు బరువు అధికం. నలువైపులా ఇసుక తప్ప మాట కలిపే మనిషి లేని మజ్రాలో, అంటే పొలం దగ్గరి బసలో, గొర్రెలతో ఏళ్లు గడిపిన వాడి ఏకాంతం సంగతి ఈ లెక్కలన్నిటి పైన మరొకటి. డిమెన్షియా ముప్పును పెంచేవిగా 2024 లాన్సెట్ కమిషన్ గుర్తించిన 14 కారణాలలో సామాజిక ఏకాంతం కూడా ఉంది. మధుమేహం, రక్తపోటు, ఊబకాయం, చదువు లేకపోవడం, వినికిడి లోపం, కుంగుబాటు, కల్తీగాలి తదితరాలతో కూడిన ఆ జాబితాను పూర్తిగా తొలగించగలిగితే డిమెన్షియాలో దాదాపు 45 శాతం నివారించవచ్చని లేదా వాయిదా వేయవచ్చని ఆ కమిషన్ అంచనా.

గోదావరి జిల్లాల నుంచి, కడప ప్రాంతం నుంచి ఖద్దామాలుగా, అంటే ఇంటి పనివారుగా, వెళ్లిన స్త్రీల పరిస్థితి మరోలా కఠినమైనది. వారికి ఎండ తక్కువ, నిద్ర ఇంకా తక్కువ. రాత్రి రెండింటికి అతిథులు లేస్తే పాత్రలు, ఆరింటికి పిల్లల బడి. ముట్లుడిగే వయసులో ఈస్ట్రోజెన్ తగ్గి నిద్ర సహజంగానే పలచబడే దశలో వారిలో చాలామంది ఆ పనిలోనే ఉంటారు. భారతదేశంలో 60 ఏళ్లు పైబడిన వారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉన్నదని 2023లో వెలువడిన జాతీయ సర్వే అంచనా వేసింది. ఆ సర్వేలోనే పురుషుల కంటే స్త్రీలలో, పట్టణాల కంటే పల్లెల్లో అది ఎక్కువ. పల్లెలో మిగిలిపోయి, భర్త లేని ఇరవై ఏళ్లు ఇంటినీ పొలాన్నీ ఒంటిచేత్తో మోసిన భార్యలు కూడా ఆ లెక్కలోనే ఉన్నారు.

హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రపంచమంతటా చర్చకు వచ్చింది. తెలుగుతోపాటు ఉర్దూ, హిందీ వంటి మరో భాష మాట్లాడేవారిలో వ్యాధి సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. అక్షరం రాని వారిలోనూ ఆ తేడా కనిపించింది. భూమి పైన ఏమీ తెలియకుండానే అడుగున నీటిమట్టం దిగిపోయి ఒకనాడు గుండం ఎండినట్టు, మెదడులోని నిల్వ కూడా బయటికి తెలియకుండానే తరుగుతుంది. భాషలు, చదువు, నైపుణ్యాలు ఆ నిల్వను పెంచి ఎండే రోజును వెనక్కి జరుపుతాయని యాకోవ్ స్టెర్న్ ప్రతిపాదించిన ‘జ్ఞాన నిల్వ’ భావన చెబుతుంది. సౌదీలో హిందీ, అరబ్బీ, కొద్దిగా మలయాళం పట్టుబడిన తెలుగు కూలీకి ఈ లాభం దక్కుతుందని తొందరపడి చెప్పడానికి వీల్లేదు. హైదరాబాద్ అధ్యయనం విలువే అక్కడి రోగులు వలస వెళ్లినవారు కాకపోవడంలో ఉంది. పుట్టిపెరిగిన వీధిలో సహజంగా అబ్బిన రెండో భాష వేరు, నిద్రలేమి, భయాల నడుమ ఆజ్ఞలు అర్థం చేసుకోవడానికి నేర్చిన భాష వేరు. ఈ రెంటినీ విడదీసి చూసే పరిశోధనకు తెలంగాణ పల్లెల్లో ఉన్నన్ని అవకాశాలు మరెక్కడా లేవు.

అలాంటి పరిశోధనకు సాధనం వెంట్రుక. తల వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, మాడు దగ్గరగా కత్తిరించిన మూడు సెంటీమీటర్ల పాయలో గడిచిన మూడు నెలల కార్టిసాల్ పోగై ఉంటుంది. రక్తం తీయనక్కరలేదు, శీతల పెట్టె అక్కరలేదు, కాగితపు పొట్లం చాలు. అయితే తీవ్రమైన ఎండ వెంట్రుకలోని కార్టిసాల్‌ను క్షీణింపజేస్తుంది కాబట్టి ఎడారిలో తిరిగేవాడి కొలత అసలు కంటే తక్కువ చూపవచ్చు; తలపాగా కింద, తల వెనుక భాగం నుంచి పాయ తీయడం అందుకే మేలు. దీనికి తోడు నడుము కొలత, రక్తపోటు, మూడు నెలల చక్కెర సగటు తెలిపే హెచ్‌బీఏ1సీ, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, బి12, పది నిమిషాల జ్ఞాపక పరీక్ష ఉంటే ఒక మనిషి మోస్తున్న సర్దుబాటు భారం చాలావరకు లెక్కకు వస్తుంది.

ఇప్పుడున్న పరీక్షల తీరు దీనికి పూర్తిగా విరుద్ధం. గల్ఫ్‌కు వెళ్లేముందు ప్రతి ఒక్కరికీ మెడికల్ ఉంటుంది. గామ్కా అని ఊళ్లలో పిలిచే ఆ పరీక్ష ఎక్స్‌రేలో క్షయ ఉందా, రక్తంలో హెచ్‌ఐవీ, కామెర్ల వైరస్ ఉన్నాయా అని ప్రధానంగా చూసి ఫిట్ లేదా అన్‌ఫిట్ అని తేలుస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు ఎలాంటి తప్పనిసరి పరీక్షా లేదు. గట్టివాళ్లే వెళ్తారు, జబ్బుపడినవాళ్లు వెనక్కి వస్తారు కాబట్టి, సౌదీలో లెక్కిస్తే వలస కూలీలు ఆరోగ్యంగా కనబడతారు, రోగం ఊరి లెక్కలో పడుతుంది. భారత ప్రభుత్వం 30 ఏళ్లు దాటిన అందరికీ పల్లెల్లో మధుమేహం, రక్తపోటు పరీక్షలు చేయించే కార్యక్రమాన్ని నడుపుతున్నా, ముప్పై నుంచి యాభై దాకా ఎడారిలో ఉన్నవాడి ఇంటి తలుపు తట్టిన ఆశా కార్యకర్తకు దొరికేది అతడి భార్య, తల్లి మాత్రమే. అతడు యాభై రెండేళ్లకు శాశ్వతంగా ఎగ్జిట్ కొట్టించుకుని వచ్చి, మోకాళ్ల నొప్పులకు ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్తే, పేరు లేని పొట్లంలో తరచుగా దొరికేది డెక్సామెథాసోన్ లేదా బెటామెథాసోన్ మాత్ర, అంటే కార్టిసాల్‌కు అనేక రెట్లు బలమైన కృత్రిమ రూపం. నొప్పి తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది, మొహం నిండుగా తయారవుతుంది, గల్ఫ్ నుంచి వచ్చాక మనిషి కోలుకున్నాడని ఇంటివారు సంతోషిస్తారు. చక్కెర నాలుగు వందలకు చేరినప్పుడు గానీ సంగతి బయటపడదు. ఇరవై ఏళ్ల ఒత్తిడి మోసిన హిప్పోక్యాంపస్‌కు ఈ పొట్లం అదనపు శిక్ష; మందుల దుకాణాలలో చీటీ లేకుండా ఈ మాత్రలు అమ్మకుండా చూడటం ఔషధ తనిఖీ శాఖ చేతిలో ఉన్న పని.

మెదడు దెబ్బకు మందు కోసం ఎదురుచూడనక్కరలేకుండా చేయగల పనులకు ఆధారాలు ఉన్నాయి. ఫిన్లాండ్‌లో మియా కివిపెల్టో నడిపిన ఫింగర్ పరీక్షలో 1260 మంది పెద్దలకు రెండేళ్లు ఆహారం, వ్యాయామం, మెదడుకు పని, రక్తనాళాల సంరక్షణ కలిపి ఇస్తే ఆలోచనాశక్తి మెరుగైనట్టు 2015లో తేలింది. 2011లో కిర్క్ ఎరిక్సన్ బృందం 120 మంది వృద్ధులపై చేసిన పరీక్షలో ఏడాది నడక హిప్పోక్యాంపస్‌ను 2 శాతం పెంచింది. 2019 నాటి స్ప్రింట్ మైండ్ పరీక్షలో రక్తపోటును గట్టిగా అదుపుచేసినవారిలో తొలిదశ జ్ఞాన క్షీణత సుమారు ఐదో వంతు తగ్గింది. వీటిలో రక్తపోటు మాత్ర అన్నిటికంటే చవక, అన్నిటికంటే సులభం. సౌదీ చట్టం ప్రకారం ప్రైవేటు రంగంలోని విదేశీ ఉద్యోగులకు ఆరోగ్య బీమా తప్పనిసరి కాబట్టి ఆ మాత్ర అక్కడే మొదలుకావచ్చు. బీమా పరిధిలోకి రాని కాపరికీ పొలం కూలీకీ దారి రెండేళ్లకోసారి దొరికే చుట్టీ, అంటే సెలవు. ఆ చుట్టీ సాధారణంగా రెండు నెలలు. పెళ్లిళ్లు, అప్పుల లెక్కలు, ఇంటి మరమ్మతుల నడుమ పల్లె దవాఖానాకు ఒక పూట కేటాయిస్తే చాలు. అక్కడి నర్సు రక్తపోటు, చక్కెర, నడుము కొలిచి, ఫలితాన్ని తెలుగులో, ఇంగ్లీషులో రాసిన కార్డు మీద ఇకామా నంబరు పక్కన నమోదు చేస్తే, అల్ ఖర్జ్ ఆసుపత్రిలో దాన్ని చూసే వైద్యుడికి పాత లెక్క తెలుస్తుంది. మూడు నెలల మందులు కట్టి పంపితే, మరో చుట్టీ దాకా మిగతావి అక్కడ కొనుక్కోవడానికి మందు పేరైనా అతడి చేతిలో ఉంటుంది.